గుంటూరు మిర్చి లారీ పెట్రాపోల్ గేటు దగ్గర ఎన్ని రోజులు ఆగుతుంది?

ఎక్స్‌పోర్ట్ బిజినెస్ మీద రీల్స్ మీరందరూ చూసే ఉంటారు. ఐఈసీ కోడ్ తీసుకోండి, బయ్యర్‌ని పట్టుకోండి, సరుకు పంపండి, డాలర్లు వచ్చి పడతాయి. అంతా కలిపి ముప్పై సెకన్లు. అందులో "సరుకు పంపండి" అనే ముక్క ఒక్క సెకనులో అయిపోతుంది. నేను కొన్నేళ్లు పనిచేసింది ఆ ఒక్క సెకను లోపల. గుంటూరులో ఒక చిన్న ఫ్రైట్ ఫార్వర్డింగ్ ఆఫీసులో ఆపరేషన్స్ చూసేవాణ్ణి. మిర్చి లారీల్ని బంగ్లాదేశ్ పంపించడం మా పని. కాబట్టి ఇవాళ పెద్ద పెద్ద థియరీలు వద్దు. ఒక్క లారీ వెనకాలే వెళ్దాం. బోర్డర్ దగ్గర ఒక కాయితం ఆగినా, ఒక రూల్ మారినా ఆ దెబ్బ ఎక్కడికి వచ్చి తగులుతుందో మీకే తెలుస్తుంది.

ముందు ఒక డౌట్ తీర్చేస్తాను. ఫార్వర్డర్ అంటే లారీ ఓనరా? కాదు. మా ఆఫీసుకి సొంత లారీ ఒక్కటి కూడా లేదు. కస్టమ్స్ బ్రోకరా? అది వేరే లైసెన్సు, వేరే మనిషి. యార్డులో సరుకు కొన్న ఎక్స్‌పోర్టర్ మా దగ్గరికి వచ్చి, "20 టన్నుల మిర్చి బెనాపోల్‌లో మా పార్టీకి చేరాలి, ఎంతవుద్ది, ఎప్పటికి చేరుద్ది" అని అడుగుతాడు. మేం ఒక రేటు చెప్తాం, ఒక తేదీ చెప్తాం. ఆ తర్వాత లారీ మాట్లాడటం, పెట్రాపోల్‌లో క్లియరింగ్ ఏజెంట్‌ని చూసుకోవడం, అవతలి వైపు ఏజెంట్‌తో టచ్‌లో ఉండటం, మధ్యలో ఏ కాయితం తక్కువైతే అది తెప్పించడం అంతా మా నెత్తి మీదే. సింపుల్‌గా చెప్పాలంటే ఫార్వర్డర్ అమ్మే సరుకు రెండే: ఒక రేటు, ఒక తేదీ. ఈ రెండింటినీ గుర్తుపెట్టుకోండి. బోర్డర్ ఆడుకునేది వీటితోనే.

ఇప్పుడు లారీ ఎక్కుదాం. గుంటూరు మిర్చి యార్డులో బస్తాని టిక్కీ అంటారు, ఒక్కోటి 40 నుంచి 45 కిలోలు ఉంటుంది. హమాలీలు లోడ్ ఎత్తుతారు, కాటా వేస్తారు, పట్టా కప్పుతారు. అక్కడి నుంచి విజయవాడ, విశాఖ, భువనేశ్వర్ మీదుగా కలకత్తా. పన్నెండు వందల కిలోమీటర్లకి పైగా రోడ్డు. దారిలో పెద్ద ఇబ్బంది లేకపోతే మూడు నాలుగు రోజుల్లో లారీ కలకత్తా దాటుతుంది. జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల మధ్య చెక్‌పోస్టులు పోయాయి కాబట్టి ఈ భాగం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అసలు కథంతా చివరి 80 కిలోమీటర్లలో ఉంది.

కలకత్తా నుంచి జెస్సోర్ రోడ్డు పట్టుకుని వెళ్తే బొంగావ్ వస్తుంది, అది దాటితే పెట్రాపోల్. గేటుకి అవతల బెనాపోల్, అది బంగ్లాదేశ్. భారత్, బంగ్లాదేశ్ మధ్య భూమార్గంలో జరిగే వ్యాపారంలో దాదాపు 70 శాతం ఈ ఒక్క గేటులో నుంచే పోతుంది. 2016లో అక్కడ ఇంటిగ్రేటెడ్ చెక్ పోస్ట్ కట్టారు. కస్టమ్స్, పార్కింగ్, గోడౌన్లు, చెకింగ్ అన్నీ ఒకే కాంపౌండ్‌లో ఉంటాయి. 2024 అక్టోబర్‌లో మైత్రీ ద్వార్ అని సరుకు లారీల కోసం ఇంకో గేటు కూడా తెరిచారు. కానీ దేశం మొత్తం నుంచి లారీలు ఇక్కడికే వస్తాయి. ముంబై నుంచి కెమికల్స్, గుజరాత్ నుంచి కాటన్, నాసిక్ నుంచి ఉల్లిపాయలు, మన గుంటూరు మిర్చి. ఇంత ట్రాఫిక్ మోసే ఆ జెస్సోర్ రోడ్డేమో రెండు వైపులా పాత కాలం నాటి పెద్ద చెట్లున్న ఇరుకు దారి.

లారీ వచ్చింది కదా అని నేరుగా గేటులోకి పోవడం కుదరదు. ముందు బొంగావ్ చుట్టుపక్కల పార్కింగ్‌లో ఆగాలి. ఒకప్పుడు ఈ పార్కింగ్‌లోనే రోజులు, ఒక్కోసారి వారాలు గడిచేవి. వరుస ఎవరిది, ఎవరి లారీ ముందుకి పోయింది, ఎందుకు పోయింది అన్నది గుంటూరులో కూర్చున్నవాడికి అర్థమయ్యేది కాదు. తర్వాత పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం "సువిధ" అని ఆన్‌లైన్ స్లాట్ పద్ధతి తెచ్చింది. ఫీజు కట్టి, సినిమా టికెట్ లాగా టైమ్ బుక్ చేసుకోవాలి. ఫీజు మీద గొణుక్కునేవాళ్లు చాలామంది ఉన్నారు. నా అభిప్రాయం అడిగితే, ఆ డబ్బు కట్టడమే నయం. ఎందుకో కాసేపట్లో చెప్తాను.

స్లాట్ వచ్చింది, లారీ చెక్ పోస్ట్‌లోకి వెళ్లింది. ఇక్కడ కాయితాలు మొదలు. ఓడ మీదో విమానంలోనో పంపితే షిప్పింగ్ బిల్ అంటారు. రోడ్డు మీద పంపితే 1962 కస్టమ్స్ చట్టంలో దాని పేరు బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్. దానికి తోడు ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్. ఎక్స్‌పోర్టర్‌కి స్పైసెస్ బోర్డ్ రిజిస్ట్రేషన్ ఉండాలి. మిర్చి పంట సరుకు కాబట్టి పురుగు, తెగులు లేవని ఫైటోశానిటరీ సర్టిఫికెట్ కావాలి. ఇవన్నీ చూసి, బరువు చూసి, అనుమానం వస్తే బస్తాలు విప్పి చూసి, కస్టమ్స్ ఆఫీసర్ "లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్" ఇస్తారు. అప్పుడు డ్రైవర్‌కి కార్ పాస్ వస్తుంది. ఆ పాస్‌తో లారీ గేటు దాటి బెనాపోల్ పోర్టు ఆవరణ వరకూ వెళ్లొచ్చు. అక్కడితో సరి. ఢాకా వరకూ వెళ్లడానికి లేదు.

అదే అసలు తలనొప్పి. మన లారీ బెనాపోల్‌లో ఆగిపోతుంది. అక్కడి కస్టమ్స్‌లో వాళ్ల ఏజెంట్ బిల్ ఆఫ్ ఎంట్రీ వేయాలి, డ్యూటీ కట్టాలి, వాళ్ల ప్లాంట్ క్వారంటైన్ వాళ్లు చూడాలి. సరుకు మొత్తం దింపి బంగ్లాదేశ్ లారీలోకి ఎక్కించాలి. గుంటూరులో ఎక్కించిన ప్రతి టిక్కీని మళ్లీ ఒకసారి చేత్తో దింపి, మళ్లీ ఒకసారి చేత్తో ఎక్కించడం అన్నమాట. ఎండు మిర్చిని ఎన్నిసార్లు కదిలిస్తే అంత కాయ విరుగుతుంది, గింజ రాలుతుంది. షెడ్డు ఖాళీ లేకపోతే డ్రైవర్ లారీలోనే పడుకుంటాడు. మన సిమ్‌కి అక్కడ సిగ్నల్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

ప్రపంచ బ్యాంకు 2021లో దక్షిణాసియా రవాణా మీద ఒక రిపోర్టు ఇచ్చింది. అందులో పెట్రాపోల్–బెనాపోల్ దాటడానికి పట్టే టైమ్ 138 గంటలు అని లెక్క కట్టారు. అందులో 28 గంటలు ఒక లారీలోంచి ఇంకో లారీలోకి సరుకు మార్చడానికే. 138 గంటలంటే దాదాపు ఆరు రోజులు. గుంటూరు నుంచి కలకత్తా రావడానికి మూడు నాలుగు రోజులు పట్టిన లారీకి, ఒక గేటు దాటడానికి ఆరు రోజులు! ఇంతే రద్దీ ఉన్న తూర్పు ఆఫ్రికా బోర్డర్లలో ఆరు గంటల లోపే దాటేస్తున్నారని అదే రిపోర్టు చెప్పింది. కెన్యా, ఉగాండా మధ్య బుసియా లాంటి చోట రెండు దేశాల ఆఫీసర్లు ఒకే వైపు పక్కపక్కనే కూర్చుంటారు. లారీ ఒక్కసారే ఆగుతుంది. మన దగ్గర కూడా ఒక దేశం లారీ ఇంకో దేశంలోకి నేరుగా వెళ్లేలా 2015లో బంగ్లాదేశ్, భూటాన్, భారత్, నేపాల్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. కొన్ని ట్రయల్ లారీలు కూడా నడిపారు. కానీ మామూలు సరుకు లారీ పద్ధతి మారలేదు, బెనాపోల్‌లో దింపాల్సిందే.

సరే, ఇప్పుడు డబ్బు లెక్క చూద్దాం. ఈ నంబర్లు మీకు అర్థం కావడానికి నేను అనుకుని చెప్తున్నవి. టన్నుకి 7,000 చొప్పున 20 టన్నులకి 1,40,000 రూపాయల రేటు ఇచ్చాం అనుకోండి. అందులో లారీ కిరాయి, రెండు వైపులా ఏజెంట్ల ఫీజులు, పార్కింగ్, హమాలీ అన్నీ పోగా ఆఫీసుకి మిగిలేది 6,000 అనుకుందాం. లారీ ఓనర్‌తో ఒప్పందం ఏంటంటే, బోర్డర్ దగ్గర మూడు రోజులు ఫ్రీ, నాలుగో రోజు నుంచి రోజుకి 2,000 హాల్టింగ్. లారీ ఆరు రోజులు ఆగితే 6,000 పోయింది. లాభం సున్నా. ఏడో రోజు నుంచి ఆఫీసు తన జేబులోంచి కడుతున్నట్టు. మరి ఎక్స్‌పోర్టర్‌ని అడగొచ్చు కదా అంటారు. అడుగుతాం. "నువ్వు చెప్పిన రేటు ఇదేగా" అంటాడు. ఆయన తప్పు కూడా లేదు, బంగ్లాదేశ్ బయ్యర్‌కి ఆయన అదే రేటు కలుపుకొని సరుకు అమ్మేశాడు.

ఇంకో పక్క చూడండి. లారీ ఓనర్‌కి అడ్వాన్స్ లోడింగ్ రోజే ఇవ్వాలి, డీజిల్ పోయకుండా లారీ కదలదు కదా. ఎక్స్‌పోర్టర్ మనకి ఇచ్చేది నెలకో, నెలన్నరకో. అంటే పది లారీలు రోడ్డు మీద ఉంటే పది లారీల డబ్బు ఆఫీసు మోస్తోంది. గేటు దగ్గర వారం ఎక్కువ ఆగితే, ఆ వారం కూడా వడ్డీ నడుస్తుంది. లారీ వెనక్కి రాదు, ఇంకో లోడ్‌కి దొరకదు. సీజన్‌లో, అంటే ఫిబ్రవరి నుంచి మే వరకూ యార్డు టిక్కీలతో నిండిపోయే టైమ్‌లో, ఈ ఇబ్బంది ఇంకా పెరుగుతుంది.

నిజం చెప్పాలంటే ఆరు రోజులు అనేది పెద్ద సమస్య కాదు. వింతగా ఉంది కదా? ప్రతిసారీ కచ్చితంగా ఆరు రోజులే పడుతుందని తెలిస్తే, ఆ ఆరు రోజుల ఖర్చు రేటులో కలిపేస్తాం, అందరూ కలుపుతారు, వ్యాపారం నడిచిపోతుంది. చంపేది ఏంటంటే ఒకసారి రెండు రోజులు, ఇంకోసారి పన్నెండు రోజులు. ఎంత ఆగుతుందో తెలియకపోవడం. పన్నెండు రోజుల లెక్కన రేటు చెప్తే ఆర్డర్ పక్క ఆఫీసుకి పోతుంది. రెండు రోజుల లెక్కన చెప్తే ఆర్డర్ వస్తుంది, లాభం పోతుంది. స్లాట్ ఫీజు కట్టడమే నయం అని ఇందాక అన్నది ఇందుకే. ఫీజు ఎంతో ముందే తెలుస్తుంది, బిల్లులో రాయొచ్చు. ఎప్పుడు కదులుతుందో తెలియని క్యూని ఏ బిల్లులో రాస్తాం?

పెద్ద కంపెనీలకి ఇది మరీ అంత నొప్పి కాదు. నెలకి వందల లోడ్లు పంపేవాడికి సగటు అనేది ఉంటుంది, ఒక లారీలో పోయింది ఇంకో లారీలో వస్తుంది. బోర్డర్‌లో సొంత మనుషులుంటారు. బ్యాంకు లిమిట్ ఉంటుంది. నెలకి పది పదిహేను లోడ్లు చేసే గుంటూరు ఆఫీసుకి రెండు లారీలు ఇరుక్కుంటే ఆ నెల జీతాలు ఆలోచించాల్సిందే. బోర్డర్ ప్రొసీజర్ అందరికీ ఒకటే, చట్టం ముందు అందరూ సమానమే. కానీ ఆగే శక్తి మాత్రం అందరికీ సమానంగా లేదు.

కాయితంలో చిన్న తేడా ఎంత పని చేస్తుందో ఒకటి చెప్తాను. బంగ్లాదేశ్‌తో వ్యాపారం ఎక్కువగా ఎల్‌సీ మీద, అంటే లెటర్ ఆఫ్ క్రెడిట్ మీద నడుస్తుంది. సరుకు ఎలా ఉందో బ్యాంకు చూడదు, కాయితం మాత్రమే చూస్తుంది. ఒకసారి ఒక పార్టీ ఎల్‌సీలో "తొడిమ తీసిన ఎండు మిర్చి" అని ఇంగ్లీషులో పూర్తిగా ఉంది. ఎక్స్‌పోర్టర్ ఆఫీసువాళ్లు ఇన్వాయిస్‌లో ఉత్త "ఎండు మిర్చి" అని కొట్టారు. సరుకు సరైనదే, బరువు సరైనదే. అవతలి బ్యాంకు డాక్యుమెంట్లు పక్కన పెట్టింది. బయ్యర్ ఒప్పుకుంటే గానీ కదలదు. మేం ఫోన్ చేసేసరికి గురువారం సాయంత్రం. బంగ్లాదేశ్‌లో శుక్ర, శనివారాలు సెలవు. మన వైపు ఆదివారం సెలవు. కాబట్టి రెండు వైపుల బ్యాంకులు మళ్లీ కలిసి పనిచేసే రోజు సోమవారం. ఒక్క పదం, నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ బెంగాల్ తేమలో పట్టా కింద మిర్చి. గుంటూరువాళ్లకి చెప్పక్కర్లేదు, ఎండు మిర్చికి తేమ తగిలితే రంగు పోతుంది, బూజు పడుతుంది. ఆ తర్వాత బయ్యర్ రేటు తగ్గించమంటాడు, ఎక్స్‌పోర్టర్ మా బిల్లులో కోస్తాడు.

ఇదంతా గేటు తెరిచి ఉన్నప్పటి సంగతి. గేటే మూసేస్తే? 2020 మార్చిలో కరోనా వల్ల పెట్రాపోల్‌లో సరుకు రవాణా ఆగిపోయింది. లారీలు రోడ్డు మీదే ఉండిపోయాయి. మిర్చి సీజన్ సరిగ్గా అప్పుడే. మామూలు గూడ్స్ రైల్లో పంపాలంటే ఒక్కసారికి 1,500 టన్నులకి పైగా సరుకు కావాలి, అంత చిన్న వ్యాపారి దగ్గర ఎక్కడుంటుంది? అప్పుడు రైల్వే వాళ్లు గుంటూరు దగ్గర రెడ్డిపాలెం నుంచి బెనాపోల్‌కి స్పెషల్ పార్సిల్ రైలు వేశారు, 2020 జూలైలో. 16 పార్సిల్ వ్యాన్లు, ఒక్కో దాంట్లో 466 టిక్కీలు. పార్సిల్ రైలు దేశం సరిహద్దు దాటి వెళ్లడం అదే మొదటిసారి. టన్నుకి 4,608 రూపాయలు పడింది. రోడ్డు మీద అయితే 7,000 అని రైల్వే వాళ్లే లెక్క చెప్పారు. నేను ఇందాక 7,000 అనుకున్నది ఆ లెక్క నుంచే. తక్కువ ఖర్చు, జెస్సోర్ రోడ్డు క్యూ లేదు. మరి అందరూ రైలుకే ఎందుకు పోలేదు అంటే, రైలు నిండేంత సరుకు ఒకేసారి కూడాలి, అందరి కాయితాలూ ఒకే రోజు రెడీ కావాలి. ఇరవై టన్నులవాడు మళ్లీ లారీ దగ్గరికే వస్తాడు.

తర్వాత 2025. ఆ ఏడాది ఫార్వర్డర్లకి రూల్స్ రాత్రికి రాత్రి మారడం అంటే ఏంటో బాగా అర్థమైంది. బంగ్లాదేశ్ సరుకు మన రోడ్ల మీదుగా మన ఎయిర్‌పోర్టులకి, ఓడరేవులకి వచ్చి వేరే దేశాలకి వెళ్లడానికి 2020 జూన్‌లో ఇచ్చిన వెసులుబాటుని మన కస్టమ్స్ బోర్డు ఏప్రిల్ 8న రద్దు చేసింది. అప్పటికే మన దేశంలోకి వచ్చేసిన సరుకుకి మాత్రం పాత పద్ధతి. అదే నెలలో బంగ్లాదేశ్ మన నూలుని భూమార్గంలో తీసుకోవడం ఆపేసింది. మే 17న మన డీజీఎఫ్‌టీ ఇంకో నోటిఫికేషన్ ఇచ్చింది. బంగ్లాదేశ్ రెడీమేడ్ బట్టలు ఏ ల్యాండ్ పోర్టు నుంచీ రాకూడదు, నవా షేవా, కలకత్తా ఓడరేవుల నుంచే రావాలి. జూన్‌లో జనపనార సరుకుల వంతు. ఎవరిది న్యాయం అనే చర్చ నేను పెట్టను, రెండు ప్రభుత్వాలకీ వాళ్ల వాళ్ల కారణాలు ఉన్నాయి. నేను చూసేది పెట్రాపోల్‌లో బట్టల పార్సిళ్ల కోసం గోడౌన్ అద్దెకి తీసుకుని, పది మందిని పనిలో పెట్టుకున్న ఫార్వర్డర్‌ని. ముందురోజు సాయంత్రం వరకూ ఆయన వ్యాపారం చట్టబద్ధం. తెల్లారేసరికి ఆయన సరుకు వేరే దారి పట్టింది, గోడౌన్ అద్దె మాత్రం అక్కడే ఉంది. మిర్చి ఈ లిస్టుల్లో లేదు, కానీ మా ఆఫీసులో ఆ రోజుల్లో ప్రతి రాత్రీ డీజీఎఫ్‌టీ వెబ్‌సైట్ చూసి పడుకునేవాళ్లం.

మరి చిన్న ఆఫీసులు ఎలా నెట్టుకొస్తున్నాయి? నేను చూసినంతలో తెలివైనవాళ్లు లారీని తొందరపడి కదిలించరు. స్లాట్ చేతిలోకి వచ్చాకో, వచ్చే తేదీ తెలిశాకో లెక్కేసుకుని గుంటూరులో లోడ్ ఎత్తుతారు. సరుకు ఇక్కడి గోడౌన్‌లో ఆగితే అద్దె ఒక్కటే, బొంగావ్‌లో ఆగితే హాల్టింగ్, తేమ, డ్రైవర్ ఖర్చు అన్నీ. కొందరు పెద్ద ఆర్డర్లని కంటైనర్లో వేసి సముద్రం మీద చట్టోగ్రామ్ పంపిస్తారు. టైమ్ పట్టొచ్చు, పోర్టు దగ్గర వేరే తలనొప్పులుంటాయి, కానీ బస్తా మధ్యలో దింపి ఎక్కించే పని లేదు. కాయితాల డ్రాఫ్టులు లారీ కదలకముందే అవతలి ఏజెంట్‌కి వాట్సాప్‌లో పంపి, ఎల్‌సీతో అక్షరం అక్షరం సరిచూడమంటారు. ఈ ఒక్క అలవాటు వల్ల మిగిలిన హాల్టింగ్ డబ్బులతో ఇంకో ఉద్యోగికి జీతం ఇవ్వొచ్చని మా మేనేజర్‌గారు అనేవారు.

మీలో ఎవరైనా ఈ లైన్లోకి రావాలనుకుంటే, లేదా చిన్నగా ఎక్స్‌పోర్ట్ మొదలుపెడుతుంటే, ఫార్వర్డర్ ఇచ్చిన కొటేషన్లో కింద చిన్న అక్షరాల్లో ఉండేది ముందు చదవండి. "బోర్డర్ దగ్గర ఫ్రీ రోజులు ఎన్ని, ఆ తర్వాత హాల్టింగ్ ఎవరిది" అని స్పష్టంగా రాసి ఉందా? రాయలేదంటే అడిగి రాయించుకోండి. రేటు బాగా తక్కువ చెప్పి ఆ లైను లేని కొటేషన్ కంటే, వెయ్యి ఎక్కువైనా ఆ లైను ఉన్న కొటేషన్ మేలు. ఇంకోటి, గోడ మీద ఒక క్యాలెండర్ పెట్టుకుని రెండు దేశాల సెలవులూ రెండు రంగుల్లో మార్క్ చేయండి. ఈద్‌కి అటువైపు, దుర్గా పూజకి ఇటువైపు గేటు వరసగా రోజులు మూతపడుతుంది. ఆ వారం ముందు లోడ్ ఎత్తొద్దు.

చెన్నై, విశాఖ పోర్టుల్లో కంటైనర్ డిటెన్షన్ సంగతి చాలా పెద్దది, అది ఇంకో ఎపిసోడ్‌లో. ఉంటాను ఫ్రెండ్స్.